దోమ అంటే ఏ దోమ?



నేను మాస్టారి క్లాసులో మొదటిసారి కూర్చున్న రోజు ఆయన పాఠం మొదలుపెట్టలేదు. జేబులోంచి ఒక ఎండుమిరపకాయ తీసి బల్ల మీద పెట్టారు. రెండే ప్రశ్నలు వేశారు. "ఇది దేనిలో రకం? ఇది దేనిలో భాగం?" మొక్కలో రకం అన్నాడు ఒకడు. "మొక్క మొత్తం తెచ్చానా నేను?" అన్నారు. మొక్కలో భాగం అన్నాడు ఇంకొకడు. "కోసి నెలయింది, ఇప్పుడూ భాగమేనా?" అన్నారు. కూరగాయ అన్నారు, దినుసు అన్నారు, పంట అన్నారు, సరుకు అన్నారు. గంట గడిచింది. చివరికి ఆయన ఆ కాయ తీసి జేబులో వేసుకుంటూ, వంటింట్లో ఒక జవాబు, మిర్చి యార్డులో ఒక జవాబు, లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఒక జవాబు వస్తాయనీ, అన్నీ నిజమేననీ, ఏ జవాబు ఎక్కడ నిజమో రాసిపెట్టడమే మీరు నేర్చుకోబోయే పని అనీ చెప్పారు.

మాస్టారు గ్రంథాలయశాస్త్రం చెప్పేవారు. నేను తరవాత కంప్యూటర్ల వైపు వెళ్లిపోయాను. ఆయన్ని వదిలి దూరం వెళ్లాననుకున్నాను. పాతికేళ్లు ఆంటాలజీ అనే పని చేశాక తెలిసింది, ఆ బల్ల దగ్గరి నుంచి ఎక్కడికీ వెళ్లలేదని. ఈ రోజు ఆ పని గురించే మాట్లాడతాను.

ఆంటాలజీ అన్నది తత్త్వశాస్త్రంలో పాత మాట. ఉన్నది ఏమిటి, ఉండటం అంటే ఏమిటి అని విచారించే శాఖ. కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఆ పేరు తెచ్చుకుని దానికి చిన్న, కచ్చితమైన పని అప్పగించారు. 1993లో టామ్ గ్రూబర్ దానికి ఇచ్చిన నిర్వచనం బాగా వ్యాపించింది. దాన్ని నా మాటల్లో చెబుతాను. ఒక పనిలో ఉన్నవాళ్లు తమ లోకంలో ఏమేమి ఉన్నాయనుకుంటున్నారో, వాటి మధ్య ఏ సంబంధాలు ఉన్నాయనుకుంటున్నారో, దాన్ని మనసులో ఉంచుకోకుండా యంత్రం కూడా చదవగలిగేట్టు విప్పి రాయడం. అందులో తరగతులుంటాయి, ఆ తరగతుల్లోని విడి వస్తువులుంటాయి, సంబంధాలుంటాయి, నియమాలుంటాయి. మనిషి మాట మీద నిలబడాలంటాం కదా. ఒక పదం వాడితే దానితోపాటు ఏమేమి ఒప్పుకున్నట్టో ముందే రాసి, ఆ రాత మీద అందరూ నిలబడటం ఇది.

దీని అవసరం ఎక్కడ పడుతుందో ఒక్క తెలుగు మాటతో చూపిస్తాను. దోమ.

ఇంట్లో దోమ అంటే కుట్టేది, మలేరియా తెచ్చేది. పొలంలో? వరిలో సుడిదోమ. దుబ్బు మొదట్లో చేరి రసం పీలుస్తుంది, చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది, దోమపోటు అంటాం. పత్తిలో పచ్చదోమ. మిరపలో తెల్లదోమ, ఆకుముడత వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోసేది. ఈ మూడింటిలో ఒక్కటీ ఇంట్లో కుట్టే దోమకు చుట్టం కాదు. రైతుకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. చేలో నిలబడి దోమ అన్నప్పుడు ఏ దోమో ఆ చేనే చెబుతుంది. యంత్రానికి ఆ చేను లేదు. దానికి ఉన్నది రెండు అక్షరాల మాట. దోమ అనగానే దోమతెర గురించి సలహా ఇస్తే దాని తప్పేమీ లేదు, మనం రాసివ్వలేదు.

నల్లి ఇంకా చిక్కుది. మంచంలో నల్లి ఆరుకాళ్ల పురుగు. మిరప ఆకు కింద ఉండే తెల్లనల్లికి ఎనిమిది కాళ్లు, అది సాలీడు వంశం. పురుగుల మందుల్లో చాలా మటుకు దానిమీద పనిచేయవు. నల్లి మందు వేరే కొట్టాలి. పేరు ఒకటే అని మందు ఒకటే కొడితే డబ్బూ పోతుంది, కారూ పోతుంది. మొక్కజొన్న పేరులో జొన్న ఉంది, అది జొన్నలో రకం కాదు. పేరు చూసి రకం చెప్పకూడదని మాస్టారు ఎన్నిసార్లు అనేవారో ఆయన దగ్గర చదువుకుని ఇక్కడున్న అందరికీ గుర్తుంటుంది.

అందుకని ఆంటాలజీ రాసేవాళ్లు మొట్టమొదట చేసే పని, పదాన్ని, పదం సూచించే వస్తువును విడదీయడం. రోమ్‌లోని ఆహార వ్యవసాయ సంస్థ 1980ల మొదట్లో ఆగ్రోవాక్ అనే వ్యవసాయ పదకోశం మొదలుపెట్టింది. ఇవాళ అందులో ప్రతి భావానికీ ఒక సంఖ్య ఉంటుంది. 12332 అంటే మొక్కజొన్న. ఆ సంఖ్యకు ఇంగ్లీషులో ఒక పేరు, ఫ్రెంచిలో ఒక పేరు తగిలిస్తారు. తెలుగు పేర్లకూ అందులో చోటుంది. సంఖ్యకు ఏ భాషా సొంతం కాదు. పేరు మారినా, ఇంకో పేరు వచ్చి చేరినా సంఖ్య కదలదు. వికీడేటా అనే ఉచిత సమాచార కోశంలోనూ ఇదే పద్ధతి. అక్కడ సంబంధాలకు కూడా సంఖ్యలే. పీ279 అంటే 'దేనిలో రకం', పీ361 అంటే 'దేనిలో భాగం'. ఆ రెండు సంఖ్యలు మొదటిసారి పక్కపక్కన చూసిన రోజు నేను కాసేపు పని ఆపేసి కూర్చున్నాను.

రకం, భాగం అనే రెండింటిని కలిపేయడం ఈ పనిలో అందరం చేసే తప్పు. రకం అనే సంబంధం మెట్లు ఎక్కుతూ వెళ్లినా చెడదు. తెల్లదోమ పురుగులో రకం, పురుగు జంతువులో రకం, కనక తెల్లదోమ జంతువే. భాగం అంత నమ్మకమైనది కాదు. చిటికెనవేలు పెళ్లికొడుకులో భాగం, పెళ్లికొడుకు పెళ్లివారిలో భాగం. చిటికెనవేలు పెళ్లివారిలో ఒకరు అనం. ఏ సంబంధాన్ని ఎంత దూరం లాగవచ్చో నియమం రాయాలి. రాయకపోతే యంత్రం సిగ్గులేకుండా చివరిదాకా లాగుతుంది.

పెళ్లి మాట వచ్చింది కనక ఇక్కడ ఆగుతాను. మన భాషలో సంబంధాల లెక్కకు ఒక సొంత మాట ఉంది. వరస. పెళ్లిలో పక్కన కూర్చున్న పెద్దావిడ "నువ్వు ఎవరబ్బాయివి నాయనా?" అంటుంది. మూడు ప్రశ్నల్లో తేల్చేస్తుంది. "అయితే నాకు మనవడి వరస అవుతావు." ఆమె చేసింది అనుమితి. ఇచ్చిన వాస్తవాలు రెండు మూడు, మనసులో ఉన్న నియమాలు కొన్ని, వాటి నుంచి ఎవరూ చెప్పని కొత్త వాస్తవం. కంప్యూటర్ వాళ్లు దీన్ని చేసే ప్రోగ్రామును రీజనర్ అంటారు. ఆమె నియమాలు చాలా పక్కాగా ఉంటాయి. నాన్న అన్నదమ్ములు నాన్నలే, పెదనాన్న, చిన్నాన్న. వాళ్ల పిల్లలు నాకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అమ్మ అన్నదమ్ములు మామలు. వాళ్ల పిల్లలు బావలు, మరదళ్లు, వదినలు. అన్నకు అన్న నాకూ అన్నే. బావకు బావ నాకు బావ కావాలని లేదు, అక్కడ అన్న కావచ్చు. ఇంత నిర్మాణం ఉన్న విషయం కనకనే అమెరికాలో లూయీ హెన్రీ మోర్గాన్ 1871లో లోకంలోని బంధుత్వ పద్ధతుల మీద పెద్ద గ్రంథం వేసినప్పుడు తమిళంతోపాటు తెలుగు వరసలనూ అందులో చేర్చాడు.

ఇదే విషయాన్ని ఇంగ్లీషు అరల్లోకి ఎక్కించండి. మామయ్య, బాబాయి ఇద్దరూ అంకుల్ అనే ఒకే అరలో పడతారు. పడ్డాక వాళ్ల పిల్లలందరూ కజిన్లవుతారు. ఎవరితో వరస కుదురుతుంది, ఎవరితో కుదరదు అన్నది మొత్తం ఆ అరలో మునిగిపోతుంది. మళ్లీ తెలుగులోకి తెచ్చినా తేలదు. అరలు ముందే ఎవరో చేసి ఉంచితే, మనకు తెలిసిన తేడా మనమే చెప్పలేని స్థితి వస్తుంది. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. ఆ తేడాతో బతుకుతున్నవాళ్లు కూర్చుని రాయని ఆంటాలజీ ఎంత పెద్దదైనా పని దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది.

ముందే చేసి ఉంచిన అరల ఇబ్బందిని మన దేశంలో అందరికన్నా బాగా గుర్తించినవాడు షియాలి రామామృత రంగనాథన్. గణితం చెప్పుకునే మనిషి. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గ్రంథపాలకుడయ్యాడు. శిక్షణకు లండన్ వెళ్లినప్పుడు ఒక పెద్ద దుకాణంలో మెకానో బొమ్మల సెట్టు చూశాడు. అవే ముక్కలు, అవే మరలు, ఒకసారి వంతెన, ఒకసారి క్రేను. పుస్తకాల విషయాలు కూడా అంతే కావాలనుకున్నాడు. 1876 నాటి డ్యూయీ పద్ధతిలో విషయానికి అర సిద్ధంగా ఉండాలి. 1933లో వచ్చిన రంగనాథన్ కోలన్ పద్ధతిలో అర ఉండదు, ముక్కలుంటాయి. 'గుంటూరులో 2021లో మిరప తెగుళ్ల నివారణ' అన్న పుస్తకం వస్తే పంట ఒక ముఖం, తెగులు, నివారణ అనే చర్యలు ఒక ముఖం, స్థలం ఒక ముఖం, కాలం ఒక ముఖం. వాటిని కలిపి ఆ విషయాన్ని అప్పటికప్పుడు కట్టుకోవచ్చు. మాస్టారు ఆయన్ని దేవుడిలా చూసేవారు. ఇప్పటి ఆంటాలజీల్లో లక్షణాలను విడివిడిగా రాసి కలుపుకునే పద్ధతి చూసినప్పుడల్లా నాకు ఆ మెకానో సెట్టే కనిపిస్తుంది.

ఇంకా వెనక్కి వెళితే మనకు అమరకోశం ఉంది. చిన్నప్పుడు వల్లె వేసినవాళ్లు ఈ సభలో కొందరైనా ఉంటారు. మూడు కాండలు, వాటిలో వర్గాలు. విష్ణువు పేర్లు అయ్యాక ఆయన తండ్రి, అన్న, కొడుకు, భార్య, శంఖం, చక్రం, వాహనం వస్తాయి. వరస ఉంది, కానీ ఆ వరసకు కారణమేమిటో ప్రతిచోటా విప్పి చెప్పి ఉండదు, గురువు చెప్పాలి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సంస్కృత అధ్యయన విభాగానికి చెందిన అంబా కులకర్ణి, శివజ నాయర్ ఆ గురువు చెప్పే భాగాన్ని కంప్యూటర్‌కు అందేట్టు రాశారు. జాతి సంబంధం, అవయవ సంబంధం, జన్యజనక సంబంధం, పతిపత్నీ సంబంధం, స్వస్వామి సంబంధం, జీవనోపాధి సంబంధం. పాశ్చాత్య పద్ధతిలో ముందే ఉన్న సంబంధాల పట్టికను తెచ్చి అమరకోశం నెత్తిన పెట్టలేదు వాళ్లు. ఆ గ్రంథం తనలో దాచుకున్న సంబంధాలను దానిలోంచే తీశారు. నాకు ఆ పని మీద ఎంతో గౌరవం.

తర్కశాస్త్రం దగ్గరికి వస్తాను. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ దేశమంతా తర్కంలో మొదటి పుస్తకం. పదార్థాలు ఏడు అంటాడు. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. పదార్థం అంటే ఇప్పుడు మనకు తినే వస్తువు గుర్తొస్తుంది కానీ, పదానికి అర్థమైనది, పదం చూపించే వస్తువు అనే ఆ మాట వాళ్లది. ఆంటాలజీకి తెలుగు మాట కావాలంటే ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు, పదార్థ విచారం. ఆ ఏడింటిలో చివరిది నన్ను ఎన్నో ఏళ్లు పట్టుకుంది. లేకపోవడం కూడా ఒక పదార్థమేనట. అందులో మళ్లీ నాలుగు రకాలు. పుట్టకముందు లేకపోవడం, నశించాక లేకపోవడం, ఎప్పుడూ లేకపోవడం, ఇది అది కాకపోవడం.

ఇది మాటల ఆట అనుకునేవాణ్ణి. కొన్నేళ్ల కిందట మా అమ్మను ఒక ఆస్పత్రిలో చేర్చాం. ఆమెకు ఒక మందు పడదు. చేర్చుకునేటప్పుడు నింపిన కాగితంలో 'పడని మందులు' అనే గడి ఖాళీగా ఉండిపోయింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు ఆ ఖాళీని 'ఏమీ లేవు' అని చదివారు. తెల్లారేసరికి అమ్మకు ఒళ్లంతా దద్దుర్లు. గండం గడిచింది. ఖాళీ గడిలో రెండు వేరు వేరు అభావాలు కూర్చుని ఉన్నాయి. అడిగాం, లేవన్నారు అనేది ఒకటి. అడగనే లేదు అనేది రెండోది. వైద్య పదజాలానికి ప్రపంచంలో ఎక్కువగా వాడే స్నోమెడ్ సీటీలో 'తెలిసిన ఎలర్జీ ఏదీ లేదు' అనేదానికి సొంతంగా ఒక భావం, ఒక సంఖ్య ఉండటానికి కారణం ఇదే. లేదని తెలియడం కూడా ఒక తెలివిడి, దానికీ చోటు కావాలి.

రైలు రిజర్వేషన్ చార్టులో మన పేరు లేదంటే సీటు లేదనే. సాధారణ డేటాబేసులు అలాగే ఆలోచిస్తాయి. రాయనిది లేనిది. 2004లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ప్రమాణంగా విడుదల చేసిన ఔల్ అనే ఆంటాలజీ భాష అలా ఆలోచించదు. రాయనిది తెలియనిది, అంతే. లేదని చెప్పాలంటే లేదనే రాయాలి. తెల్లనల్లి పురుగు కాదని రాయకపోతే, అయ్యుండొచ్చు అనే అనుకుంటుంది. రెండు తరగతులు ఎప్పటికీ కలవవని రాసే మాట ఔల్‌లో ఉంది, కుండ గుడ్డ కాదు అనే అన్యోన్యాభావం. కొత్తగా నేర్చుకునేవాళ్లు మరిచిపోయేది ఎక్కువగా ఇదే. రకాలు ఉత్సాహంగా రాస్తారు, కానివి రాయరు.

ఈ రంగం చరిత్రలో రెండు ప్రయత్నాల గురించి కొంచెం చెప్పాలి. 1984లో డగ్లస్ లెనాట్ అమెరికాలో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో సైక్ అనే పని మొదలుపెట్టాడు. లోకజ్ఞానం మొత్తాన్ని చేత్తో రాసి యంత్రానికి ఇవ్వాలని. నీళ్లు కిందికే పారతాయి, చనిపోయినవాళ్లు తిరిగి రారు, ఇలాంటివి, లక్షల మీద లక్షలు. ఒక సందర్భంలో నిజమైనది మరో సందర్భంలో కాదు కనక దాన్ని చిన్న చిన్న సిద్ధాంతాలుగా విడగొట్టాడు. 2023లో కన్నుమూసేవరకు దాదాపు నలభై ఏళ్లు దాన్ని వదల్లేదు. ఆ దీక్షకు చేతులెత్తి మొక్కుతాను. కానీ లోకం మొత్తం అన్నప్పుడు, తప్పని చెప్పగల అధికారం ఎవరిది అన్న ప్రశ్నకు జవాబుండదు.

జీన్ ఆంటాలజీ కథ వేరు. 1998లో ఈగ, ఈస్టు, ఎలుక, ఈ మూడు జీవుల జన్యు సమాచారం దాచుకుంటున్న మూడు బృందాలు ఒక ఇబ్బందిలో పడ్డాయి. ఒకే పని చేసే జన్యువుకు ఒక్కొక్కరు ఒక్కో మాట వాడుతున్నారు. ఒకరి ఫలితం ఇంకొకరికి అందడం లేదు. కూర్చుని మూడు విషయాల మీద మాత్రం ఒప్పందానికి వచ్చారు. అణుస్థాయిలో అది చేసే పని, అది పాల్గొనే జీవప్రక్రియ, కణంలో అది ఉండే చోటు. 2000లో ఆ సంగతి ప్రచురించారు. ఇవాళ అందులో దాదాపు 40 వేల భావాలున్నాయి. ఏ జన్యువుకు ఏ భావం తగిలించినా ఆ మాట ఏ ఆధారంతో అన్నారో ఒక గుర్తు వేయాలి. ప్రయోగం చేసి చూశారా, పోలికను బట్టి అన్నారా, మనిషి చూడకుండా యంత్రం వేసిందా. అది బతికింది. పనిచేసేవాళ్లు తమ పని కోసం రాసుకున్నారు, తప్పు దొరికితే దిద్దారు.

ఇక 2021. ఈ సభలో మిరప వేసినవాళ్లుంటే ఆ సంవత్సరం పేరెత్తడమే కష్టం. మిరపలో తామర పురుగు మనకు కొత్తది కాదు. లేత ఆకులు గీరి రసం పీలుస్తుంది. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటాయి, పై ముడత అంటాం. కిందికి ముడుచుకుంటే కింది ముడత, అది నల్లి పని. ఆకు ఎటు ముడిచిందో చూసి ఏ మందు కొట్టాలో చెప్పగల జ్ఞానాన్ని మన రైతులు రెండు చిన్న మాటల్లో పెట్టారు. ఏ ఆంటాలజీ అయినా గర్వపడదగ్గ సంక్షిప్తి. ఆ సంవత్సరం గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ చేలల్లో పూలలో నల్లటి పురుగులు గుంపులుగా కనిపించాయి. అవీ తామర పురుగులే. శాస్త్రజ్ఞులు చూసి థ్రిప్స్ పార్విస్పైనస్ అన్నారు, ఆగ్నేయాసియా నుంచి వచ్చిన జాతి. ఇది ముఖ్యంగా పూలను పట్టుకుంది. పూత రాలిపోయింది, కాయ దిగలేదు. తామరకు కొట్టే పాత మందులు కొట్టారు, మళ్లీ కొట్టారు. చేలు దున్నేసినవాళ్లున్నారు.

ఆ నష్టమంతా ఒక పదం వల్ల జరిగిందని నేననను. పురుగు వల్ల జరిగింది. కానీ నా రంగం నుంచి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. 'తామర పురుగు పై ముడత తెస్తుంది' అని మనం తరగతి మొత్తానికి రాసుకున్న వాక్యం నిజానికి అందులో ఒక జాతికి మాత్రమే చెందింది. ఇంకో జాతి మన నేల మీద లేనంతకాలం ఆ తేడా బయటపడలేదు. అది వచ్చిన రోజు తరగతిని చీల్చాలి, పాత వాక్యాన్ని కిందికి దించి సరైన జాతికి కట్టాలి, కొత్త జాతికి కొత్త వాక్యాలు రాయాలి. రైతులు వారాల్లో ఆ చీలిక చేసేశారు, నల్ల తామర అన్నారు. ఫోన్లలో సలహాలిచ్చే యంత్రాలకు, పట్టికలకు ఆ మాట ఎవరు చేరుస్తారు, ఎన్నాళ్లకు చేరుస్తారు అన్నదే నా బెంగ.

ఇప్పుడు యంత్రాలు ఏ ఆంటాలజీ లేకుండానే తెలుగులో గడగడా మాట్లాడుతున్నాయి కదా, ఇదంతా ఎందుకని నా విద్యార్థులు అడుగుతారు. అవి రాసి ఉన్నదాన్ని చదివి నేర్చుకుంటాయి. దోమపోటు గురించి, కింది ముడత గురించి తెలుగులో రాసి ఉన్నది ఎంత? చేను గట్టు మీద మాట్లాడుకున్నది కొండంత, కాగితం మీదికి ఎక్కింది గోరంత. అవి చెప్పింది ఒప్పో తప్పో తూచడానికి తక్కెడ ఒకటి కావాలి. ఆ తక్కెడ రాళ్లు తయారుచేయడం మన వ్యవసాయ అధికారులు, నర్సులు, గ్రంథపాలకులు, భాష తెలిసిన పిల్లలు కలిసి చేయగల పని. నేను చేస్తున్నాను, చేయిస్తున్నాను, ఇంకా మనుషులు కావాలి.

మాస్టారు పోయాక వాళ్లమ్మాయి ఆయన సొంత కార్డుల డబ్బా ఒకటి నాకిచ్చింది. లైబ్రరీవి కావు, ఆయన ఇంట్లో రాసుకున్నవి. అందులో 'తామర' అని ఒక కార్డుంది. ఆయన గుండ్రటి అక్షరాలు. ఒకటి, పువ్వు, చూ. కలువ. రెండు, చర్మవ్యాధి, చూ. గజ్జి. మూడు, పురుగు, చూ. మిరప, పై ముడత. పక్కన చిన్నగా, 'ఒకదానికొకటి సంబంధం లేదు.' కింద రెండు వేళ్ల వెడల్పు ఖాళీ. 2022 సంక్రాంతికి ఆ ఖాళీలో 'నల్ల తామర' అని రాశాను, పెన్సిల్‌తో. మూడు కింద రాయాలా, నాలుగు అని వేయాలా తేలక అంకె వేయలేదు. మాస్టారైతే ముందు చేలోకి వెళ్లి ఒక పువ్వు విప్పి చూసి వచ్చి, అప్పుడు ఇంకు పెన్ను తీసేవారు.